పైనుంచి కిందికి

దమ్మాంలో దిగినప్పుడు
ఈ దేశం నాకొక బల్లపరుపు నేల.
పార దింపితే ఉప్పు,
ఇంకో మూరెడు దింపితే ఉప్పునీళ్లు.
రెండేండ్లు డ్రైనేజీ గుంతలు తవ్విన,
ఒక్క రాయి ఎదురుపడలే.
రాయి తగలని భూమి మీద
వడ్డెరోడికి నిద్ర పట్టదు.

తర్వాత అల్ అహ్సా.
ఖర్జూర తోటల నడుమ కాలువ పూడిక తీసినం.
బురద వాసనకు మోఫిజుల్ ఏడ్చిండు,
అచ్చం వాళ్ల బరిశాల్ వాసనంట.
నాకు రాలేదు ఏడుపు.
మాది తాండూరు. మాకు బురదెక్కడిది,
నాపరాయి గనుల దుమ్ము తప్ప.

రియాద్ దాటి బస్సు పోతుంటే
భూమి ఉన్నట్టుండి తెగిపోయింది.
కొండ కాదది, అంచు.
జొన్నరొట్టె విరిస్తే వచ్చే అంచు.
డ్రైవరు "తువైక్" అన్నడు,
మళ్లీ రోడ్డు చూసుకున్నడు.

అబహాలో ఒక చలికాలం
వాన. ఒట్టు, వానే.
పొగమంచులకెల్లి కోతులొచ్చి
టిఫిను డబ్బ ఎత్తుకపోయినయి.
ఫోన్‌ల చెప్తే రుక్కమ్మ నమ్మలే,
"సౌదీల కోతులా? తాగినవా?"
చుక్క దొరకని దేశంల
ఆ మాటకు నేను గంటసేపు నవ్విన.

పటంల చూసినోళ్లకు ఈ దేశం ఒక రంగు.
నేను గడ్డపార మొనతోని చూసిన.
మొన మొద్దుబారినప్పుడల్లా
ఇంకో జిల్లా వచ్చిందని లెక్క.

ఇప్పుడు అల్ ఉలా.
టూరిస్టులు నడిచే బాటకు బండలు పరుచుడు.
ఎర్రటి గుట్టలు, దేనికదే ఒంటరి,
సంత విరిగినంక అమ్ముడుపోని ఎడ్ల లెక్క.
గుట్టకో వాకిలి, వాకిలికి మెట్ల చెక్కడం.
ఇండ్లనుకున్న.
సమాధులని చెప్పిండు వాచ్‌మన్ అబూ నాయిఫ్.
ఈ జాగ పాత పేరు హిజ్ర్.
రాయిని వాళ్లు హజర్ అంటరు.
నాకు ఆ రెండు మాటలు చాలు.

జవాహిర్ అనే గైడు పిల్ల
వాకిలి మీది గీతలు చదువుతుంటది:
ఇది ఫలానా ఆయన తనకు, తన బిడ్డలకు చేయించుకున్నది,
వేరేటోళ్లను పెడితే శాపం.
టూరిస్టులు శాపం కాడికి ఫోటోలు తీసుకొని కదులుతరు.
ఆ పిల్ల ఆగి, చివరి ముక్క కూడా చదువుతది:
చెక్కినోడి పేరు.

నా చేతిల బండ జారబోయింది.

తాండూరు బండ పోని ఊరుందా?
ఎన్ని ఇండ్లు, ఎన్ని బస్టాండ్లు, ఎన్ని కోర్టులు.
వాటి గోడల మీద కట్టించినోళ్ల పేర్లున్నయి,
రిబ్బను కత్తిరించినోళ్ల పేర్లున్నయి.
ఇక్కడ నేను పరిచే బండకు నంబరుంటది,
నా చొక్కాకు కూడా.

అవతల ఒంటి గుట్ట ఒకటి,
పని సగంల ఆగిపోయింది.
ముట్టొద్దని తాడు కట్టిండ్రు. ముట్టలే.
చూసుడుకు తాడెందుకు?
పైన నున్నగ, అద్దం లెక్క.
కిందికి వచ్చేకొద్దీ ఉలి గాట్లు.
నిచ్చెన వేసుకోలే వాళ్లు.
గుట్ట నెత్తిన కూసొని
కాళ్ల కింది రాయినే తొలుచుకుంట దిగిండ్రు.
మా తాత మొగులప్ప బావి తవ్విందీ గట్లనే,
నిలబడ్డ జాగనే తవ్వుకుంట.
ఒక మూలకు గాట్లు అడ్డం వాలినయి:
ఎడమచేతోడు.
పక్కన రాతి ఈనె తగిలితే
కొట్టలే, ఉలి తిప్పుకున్నడు.
ఓపిక ఉన్నోడే.

"చచ్చిపోయిండో, పైసలు ఆగినయో,
ఎవరికీ ఎరుక లేదు" అన్నడు అబూ నాయిఫ్.
నవ్వి అడిగిండు,
"నువ్వు పూర్తి చేస్తవా?"
అలవాటు కొద్దీ లెక్క కట్టిన:
ఎనిమిది మంది, ఒక ఎండకాలం,
ఉలికి మంచి ఉక్కు కావాలె.
మళ్లీ అన్న, "ఎందుకు?
పనోడు ఇంకా కిందికి దిగలే."

వ్యాను హారన్ కొట్టింది.
మోకాలి దుమ్ము దులుపుకొని
దిగవలసిన మెట్లు చూసుకుంట
నేను దిగిన.