బొటనవేలు

కార్వర్ ఊరవతల, క్రాన్‌బెర్రీ మళ్ళకు నీళ్ళిచ్చే మడుగు.
కలువాకుల సందులోకి రబ్బరు కప్పను విసిరి
ఇడలీనా తన దీవుల యాసలో అంది:
ఆగు. భయమేస్తే కప్ప కూడా ఆగుతుంది.

నీళ్ళు డికాషన్ రంగు.
అడుగున నాచు, పాత పంపు గొట్టం.
దాని నీడలో ఎవరో గొంతు సవరించుకున్నట్టు
ఒక్క గుటక.
కప్ప లేదు.

కర్ర విల్లయింది. దారం నాచును కోసుకుంటూ వచ్చింది.
బాస్ చేప నోరు చూడాలి మీరు,
నా పిడికిలి పట్టేంత!
కింది పెదవిని బొటనవేలితో ఒడిసిపడితే
చంటిపిల్లలా ఊరుకుంటుంది.
పళ్ళు కావవి, గరుకు కాగితం.

ఆ వేసవిలో నలభై మూడు పట్టింది, నలభై మూడూ వదిలేసింది.
"ఒకటి మాత్రం రెండుసార్లు దొరికింది,
దానికీ నాకూ సిగ్గేసింది."

సోమవారం, ప్యాకింగ్ షెడ్డు గుమ్మంలో
హాజరు యంత్రం మీద వేలు ఆనించింది.
ఎర్ర దీపం.
తుడుచుకుని మళ్ళీ. ఎర్ర దీపం.
పంతొమ్మిదేళ్ళ కొలువు,
గీతలన్నీ మడుగులో.

ఇంకో వేలు పెట్టమ్మా, వెనక లైనుంది, అన్నాడు గెర్రిట్.
చూపుడువేలు పెట్టింది. పచ్చ దీపం.

బొటనవేలిని జేబులో దాచుకుంది.
దానికి ఆదివారం పనుంది.