పచ్చని అంచు

హర్మటాన్ గాలి దిగి మూడో రోజు.
ఎడారి దుమ్ము బాసే ఊరి మీద
జల్లెడ పట్టిన పిండిలా రాలుతూనే ఉంది.
లాబ్ తలుపు కింద తడి గుడ్డ నొక్కిపెట్టి
కునికిపాట్లు పడుతున్నాను.

రాత్రి రెండున్నరకి మెషీన్ పిలిచింది.

నలభై సీసాల్లో ఒక్కటి.
అందులో ఎవరో ఊపిరి విడుస్తున్నారు,
అందుకే అడుగున రంగు తిరిగింది.
చీటీ మీద సిస్టర్ యాసిన్ గొలుసుకట్టు రాత:
తాకో దుకురే. ఆడపిల్ల. పద్నాలుగు నెలలు. ఆరో మంచం.
చెంచాడు కూడా లేదు ఆ నెత్తురు.
మూడుసార్లు గుచ్చి, నాలుగోసారి
పాదం మీద దొరికిన నరంలోంచి తీసింది.

గాజుపలక మీద చుక్క వేసి, ఆరబెట్టి,
ఊదా రంగు పోసి, కడిగి
మైక్రోస్కోపుకి కన్ను ఆనించాను.
ఉన్నాయి.
జంటలు జంటలుగా, మొన తేలిన వడ్లగింజల్లా.

వీటిని ఎరుగుదును.
నా ముక్కులో ఉంటాయి, నా కొడుకు ముక్కులో ఉంటాయి,
చీమిడి తుడిచిన ప్రతి గుడ్డ అంచునా ఉంటాయి.
బంతబా బల్ల మీద పొద్దంతా కూర్చునే ముసలాళ్ళలా
ఎవరి జోలికీ పోవు.
ఏదో ఒక పిల్లకి, ఏదో ఒక రాత్రి
జలుబు చేసో, పొయ్యి పొగ కమ్మో, అసలేమీ లేకుండానో
లేచి నడవడం మొదలుపెడతాయి.
ఊపిరితిత్తుల్లోంచి నెత్తుట్లోకి.
నెత్తురు వెళ్ళని చోటు ఒంట్లో ఏముంది?

వార్డుకి ఫోన్ చేశాను.
"సాయంత్రమే మందు మొదలెట్టాం," అంది యాసిన్.
ఇంకేదో అనబోయి ఊరుకుంది.

ప్లేటు మీద గీసి వెచ్చని పెట్టెలో ఉంచాను.
ఆ ప్లేటు ఎరుపు మా గొర్రెది.
లాబ్ వెనక దొడ్లో ఉంటుంది, నెలకోసారి నెత్తురిస్తుంది.
తబస్కీ పండక్కి ఊళ్ళో గొర్రెలన్నీ మాయమైనా
ఇది మిగులుతుంది.
కాపలా సంబా దాన్ని డాక్టరుగారూ అని పిలుస్తాడు.
ఆ తెల్లవారుజామున ఎందుకో అరిచింది.
ఎందుకో ఏమిటి, ఆకలికి.

మర్నాడు ప్లేటు తెరిస్తే
ఒక్కో చుక్క చుట్టూ పచ్చని అంచు.
పచ్చగా బతకమని పిల్లల్ని దీవిస్తాం.
ఈ పచ్చ అది కాదు,
ఎర్రదాన్ని కొరికి ఉమ్మిన పచ్చ.
ఒక బిళ్ళ దాని పేరు చెప్పింది.
ఇంకో బిళ్ళ, పెన్సిలిన్‌కి లొంగుతుందని చెప్పింది.
స్కేలు పెట్టి కొలిచాను, ఇరవై రెండు మిల్లీమీటర్లు.
రాశాను. సంతకం పెట్టాను.
కాగితం పట్టుకుని వార్డుకి వెళితే
ఆరో మంచం మీద వేరే పిల్లాడు
అరటిపండు తింటున్నాడు.

మూడు వారాలకి గుండో తుంకారా వచ్చింది, తాకో తల్లి.
నది దాటి, టీకా కార్డు గుడ్డలో చుట్టుకుని.
రెండు గడుల్లో తేదీలున్నాయి. మూడోది ఖాళీ.
ఆ వారం బల్లకట్టు ఇంజను చెడిపోయిందట.
"అందరూ జ్వరం అన్నారు. దాని పేరేమిటి?"
చెప్పాను.
న్యుమో... అని ఆగింది. రెండుసార్లు తప్పింది.
మూడోసారి మొత్తం పలికింది,
బాకీదారు పేరు గుర్తుపెట్టుకుంటున్నట్టు.
"మా ఇంట్లోంచి వచ్చిందా?"
"అందరి ముక్కుల్లోనూ ఉంటుందమ్మా."
నా ముక్కు వైపు చూసింది.
చాలాసేపు.
"ఇప్పుడదెక్కడుంది?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది.
లోపలికి తీసుకెళ్ళి ఫ్రీజరు మూత ఎత్తాను.
తెల్లటి పొగ మా ఇద్దరి మొహాల మీదికి లేచింది.
వేలెడు ట్యూబు. మంచు తుడిస్తే
ఒక అంకె, ఒక తేదీ, పద్నాలుగు నెలలు.
నేను రిటైరయ్యాక కూడా అక్కడ
పద్నాలుగే.

గుండో చెయ్యి చాపి, ముట్టుకోకుండా వెనక్కి తీసుకుంది.
"దానికి చలి పడేది కాదు," అంది.
మూత తనే దించింది.