పీటముడి

గ్రోనింగెన్‌లో ఆ జనవరి,
కాలవలు అద్దాలైపోయిన రాత్రి,
గణితశాఖ నేలమాళిగలో
యంత్రం ఆగిపోయింది.

చెడిపోలేదు. అదే వింత.
దీపాలు వెలుగుతూనే ఉన్నాయి,
పంకాలు రొదపెడుతూనే ఉన్నాయి,
జ్ఞాపకాల అయస్కాంతపు డోలు
తన చుట్టూ తాను ప్రదక్షిణాలు చేస్తూనే ఉంది.
పని మాత్రం
ఎక్కడి గొంగళి అక్కడే.

నేనప్పుడు కాగితాలు మోసేవాణ్ణి.
చిల్లుల కార్డుల పెట్టెలు ఎత్తీ దించీ
వేళ్ళ కొసలు కందిపోయేవి.
ఒకే యంత్రం, ఒకేసారి, ఇద్దరి పని చేయాలి:
అదీ మా పరిశోధన.
ఒకరి పెట్టె ఖాళీ అయ్యేదాకా
ఇంకొకరు మెట్ల మీద వణికే రోజులు పోవాలని.

ఒన్నో బ్రాండ్‌స్మా పైజామా మీద కోటుతో దిగివచ్చాడు.
రెండు గంటలకి ముడి కనిపించింది.
సముద్రపు పోటు లెక్క
టేపును పట్టుకొని ప్రింటరు కోసం చూస్తోంది.
చక్కెరదుంపల మిల్లు జీతాల పట్టీ
ప్రింటరును పట్టుకొని టేపు కోసం చూస్తోంది.
ఏదీ తప్పు చేయలేదు.
చెప్పినట్టే చేస్తున్నాయి,
లోకం మునిగేదాకా అలాగే చేసేట్టున్నాయి.

"ఒకదాన్ని చంపేద్దాం" అన్నాడు ఒన్నో.
"ఏదాన్ని? పొద్దున్న జీతాలివ్వాలి" అంది వీప్క్యే.

వీప్క్యే తెర్ప్‌స్ట్రా, రాత్రి ఆపరేటరు.
పడవలో పుట్టిన మనిషి.
మీదే ఊరంటే
ఏ రోజు సంగతి అడుగుతున్నారు అనేది.
ఊలు తొడుగులు విప్పకుండానే మొదలుపెట్టింది:

"మా చిన్నాన్న యెల్లెది పొయ్యిలోకి వేసే పీటు గడ్డల పడవ,
సీత్సె అనే ఆయనది బంగాళాదుంపల పడవ.
సన్న కాలవలో ముక్కూ ముక్కూ ఆనించి నిలబడ్డారు.
నువ్వు వెనక్కి పో అంటే నువ్వు పో.
మూడు రోజుల పంతం.
నాలుగో నాటికి నీళ్ళు గడ్డకట్టాయి.
ఇక పంతం మార్చి దాకా.
పిన్ని మా నిప్పుల మీద వాళ్ళ దుంపలు ఉడికించేది,
మగవాళ్ళిద్దరూ ఎడమొహం పెడమొహంగా తినేవాళ్ళు."

ఒన్నో నవ్వలేదు. "తర్వాత?"

"తర్వాత కాలవవాళ్ళు
రెండు కొసల తూములకీ నంబర్లు వేశారు.
ఏ వైపు నుంచి వచ్చినా
ముందు ఒకటో తాళం అడగాలి.
అది చేతికొచ్చాకే రెండోది.
తూర్పు నుంచి వచ్చేవాడికి
రెండోది ముక్కు కిందే ఉంటుంది. అయినా
పడవ కట్టేసి, గట్టు వెంట నడిచి,
ఒకటో దాని దగ్గరికి పోవాల్సిందే.
దారంతా తిట్టుకుంటూ పోయేవాళ్ళు.
మళ్ళీ ఎవరూ ఇరుక్కోలేదు."

ఒన్నో పలక్కుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.
పైనుంచి తెల్లారేదాకా సుద్దముక్క చప్పుడు.
కింద మేమిద్దరం
జీతాల పట్టీ చేత్తోనే రాశాం,
నూట పద్నాలుగు పేర్లు,
ఆమె చదువుతుంటే నేను.
ఏడింటికి పైకి టీ తీసుకెళ్తే
నల్లబల్ల మీద బాణాలన్నీ
చిన్న అంకె నుంచి పెద్ద అంకెకే పోతున్నాయి.
తిరిగొచ్చి తన తోక తానే పట్టుకునే బాణం
ఒక్కటీ లేదు.

వ్యాసం ఏడు పేజీలు.
అందులో కాలవ లేదు, పిన్ని పొయ్యి లేదు.
చివర, చీమతలంత అక్షరాల్లో,
రాత్రి సిబ్బందికి కృతజ్ఞతలు.

యంత్రాన్ని ఎప్పుడో విడగొట్టి అమ్మేశారు.
దాని తలుపొకటి మా ఇంట్లో పుస్తకాల అర.
వీప్క్యే చదివి తిరిగిచ్చిన ప్రతి
అందులోనే ఉంది.
నాలుగో పేజీ అంచున, సిద్ధాంతం పక్కన,
పెన్సిలుతో ఆమె రాసిన ఒకే వాక్యం:

"సరిగ్గానే ఉంది.
గట్టు మీద నడకే లెక్కలోకి రాలేదు."