నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

కైసా వాళ్ళ దేశంలో ఆర్నెల్లు
నీళ్ళు గడ్డకట్టుకుని కూచుంటాయంట.
కనిగిరి పక్కన మా రేగులపాలెంలో
ఏడాది పొడుగూతా
మనిషి మోకాళ్ళలో గడ్డకడతాయి.

ఈ మాట ఆమెకి ఇంగ్లీషులో చెప్పలేదు నేను.
మిషను వాళ్ళు రోజుకి మూడొందలిచ్చేది
ఆమె మాట వీళ్ళకి, వీళ్ళ మాట ఆమెకి
అందించేందుకే.
నా మాట కలిపేందుకు కాదు.

ఫిన్లాండ్ నించి మూడు నెలలకని వచ్చింది.
పేరు నోట్లో నిలవక
దీవెనమ్మ ఆమెని కైసమ్మ చేసింది.
చర్చి అరుగు మీద రెండు అట్టపెట్టెలు దించారు:
నూట ఇరవై బ్రష్షులు,
పిప్పరమెంటు వాసనేసే పేస్టు,
చేసి చూపించడానికి ఒక ప్లాస్టిక్ దవడ.

"ఇలా, గుండ్రంగా, నెమ్మదిగా" అంది కైసా.
"ఇట్టా, గుండ్రంగా, నిదానంగా" అన్నాను.
"రోజూ తోమితే తెల్లగా అవుతాయి" అంది.
ఇక్కడ నా నాలిక కాస్త తొట్రుపడింది.
అయినా అన్నాను.
మూడొందలు.

హోషేయ నమ్మాడు, ఎనిమిదేళ్ళోడు.
నిద్ర లేచి తోమాడు, బడికి పోతా తోమాడు,
మధ్యాన్నం గుడ్డు తినొచ్చి తోమాడు,
బోరింగు కాడ ఆ నీళ్ళే పుక్కిలించి పుక్కిలించి
నాలుగో రోజుకి చొక్కా ముందరంతా నెత్తురు.
దీవెనమ్మ కొడుకు గడ్డం పట్టుకుని
ఆమె ముందర నిలబెట్టింది.
"ఏందమ్మా ఇది?
పళ్ళు తోముకోని మనుషులమనుకున్నావా మమ్మల్ని?
యాప్పుల్ల మాకు తెలవదా?
ఇది మురికి గాదు తల్లీ, మా ఊరి నీళ్ళు!"

ఏమంటోంది అన్నట్టు
కైసా నా మొహంలోకి చూసింది.

పదేళ్ళుగా ఎందరికో చెప్పాను,
కళ్ళజోళ్ళు పంచిన ముసలాయనకి,
గిటారు తెచ్చిన పిల్లలకి.
ఎవరేమన్నా నేను చెప్పేది ఒకటే:
"మీకు వందనాలు చెప్తోంది."
ఆ పూట ఎందుకో
దీవెనమ్మ మాటని దీవెనమ్మ గొంతు తగ్గించకుండానే
దించేశాను.

కైసా ఏడవలేదు.
ఏడ్చేవాళ్ళని చూశాను,
వాళ్ళకి తాగే నీళ్ళు మళ్ళీ మేమే ఇవ్వాలి.
బ్రష్షుల పెట్టె మూసి దాని మీదే కూచుంది.
చానాసేపటికి అడిగింది,
"సాలోమీ, మాట్లాడేటప్పుడల్లా
నోటికి చెయ్యెందుకు అడ్డం పెడతావు?"

అది తర్జుమా చెయ్యాల్సిన మాట కాదు.
నాకే.

హాస్టల్లో ఉన్నప్పుడు
దాతలకి పంపేందుకు ఫొటో తీస్తా
ఒంగోలు నించి వచ్చినాయన నవ్వమన్నాడు.
నవ్వాక
"వద్దులే పాపా, మూసుకో" అన్నాడు.
అప్పట్నించి.

చెయ్యి తీశాను.
ఇరవై తొమ్మిదేళ్ళ బోరు నీళ్ళని
గీత గీతగా చదువుకుంది ఆమె.

తెల్లారి నాలుగింటికి వాటర్ ప్లాంటు కాడ
దీవెనమ్మ వెనకాల వరసలో కైసా.
ముందుకు రమ్మన్నారు, రాలేదు.
ఇరవై లీటర్ల డబ్బా భుజాన మోస్తా
పల్లె మొగదాల జారవిడిచింది.
మెడ తిరగని ఎలీషా తాత
మనిషంతా తిరిగి చూసి
పగలబడి నవ్వాడు.

ఆదివారం పిల్లలకి కథ చెప్పింది,
ఎండన పడి వచ్చిన ప్రభువు
బావి దగ్గర ఒకామెని నీళ్ళడిగిన కథ.
హోషేయ చెయ్యెత్తాడు.
"ఆ బావిలోయి మంచినీళ్ళా, ఫ్లోరిన్ నీళ్ళా?"
పాస్టరుగారు దగ్గారు.
నేను ఆపకుండా
అడిగింది అడిగినట్టు చెప్పేశాను.

మార్చిలో వెళ్ళిపోయింది.
ప్లాంటేమీ కట్టించలేదు.
కలెక్టరాఫీసుకి రాసిందంట, జవాబు లేదు.
మిషనుకి రాస్తే వచ్చింది:
ఈ ఏటి డబ్బు బ్రష్షులకే అయిపోయిందని.
మిగిలిన బ్రష్షులతో మా ఆడోళ్ళు
నీళ్ళడబ్బాల మూతులు తోముతున్నారు.
వాటికి బో బాగున్నాయి.

జూన్‌లో ఇంకో జట్టు వస్తోంది.
పాస్టరుగారు కబురు పెట్టారు.
రోజుకి నాలుగొందలన్నాను.
"ఎందుకమ్మా పెంచావు?"

రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని
"ఇప్పుడు అంతా చెప్తున్నా గదయ్యా" అన్నాను.