ఏడు మెట్లు

ఎనభై ఆరు వరద తర్వాత కట్టారు మా లంక బడిని,
అప్పటి నీటిగుర్తుకి మూరెడు పైన.
అందుకే ఏడు మెట్లు.
మేస్త్రీ లెక్క గోదారితోనే,
మనుషులతో కాదు.

నేను బదిలీ మీద వచ్చిన జూన్‌లో
రూతమ్మ కొడుకుని చంకనేసుకుని వచ్చింది.
తొమ్మిదేళ్లవాడు. కాళ్లు
ఎండిన అరటిడొప్పల్లా వేలాడుతున్నాయి.
"సువర్ణరాజండి. లెక్కలు నోటితో చేసేస్తాడండి."
మెట్ల వైపు చూశాను, వాడి వైపు చూశాను.
రోజూ ఎవరెక్కిస్తారమ్మా అన్నాను,
ఇలాంటి పిల్లలకి పట్నంలో వేరే బడి ఉంటుంది అన్నాను.
ఎంత మర్యాదగా అన్నానంటే
ఆమె నాకు దండం పెట్టి వెళ్లిపోయింది.
ఆ దండం ఇప్పటికీ నా దగ్గరే ఉంది,
తిరిగి ఇవ్వడం ఎలాగో తెలీక.

ఆగస్టులో వైనతేయకి ఎర్రనీరు దిగింది.
రాత్రికి రాత్రి రేవు మునిగింది, అరటితోటలు మునిగాయి,
లంక లంకంతా బడి ఎక్కింది.
లేగదూడల్ని ఎత్తుకొచ్చారు,
కోళ్లగంపలు, గ్యాసు బండలు, చీరలో చుట్టిన టీవీ,
ఎవరిదో కుంటి మేక.
ఎవరెక్కిస్తారని
ఒక్కరూ అడగలేదు.

సువర్ణరాజూ ఎవరి భుజమ్మీదో వచ్చాడు.
తొమ్మిది రోజులు
నాలుగో తరగతి గదిలో నల్లబల్ల కింద వాడి పక్క.
పులిహోర పొట్లాల పడవ కేసి పిల్లలంతా పరిగెడుతుంటే
వాడు గోడల్ని చదివాడు.
గుణింతాలు, ఎక్కాలు, జిల్లాల పటం.
నేను రాసిన సూక్తిలో
ఒత్తు తప్పని చూపించాడు.

నీరు తీసింది. అందరూ దిగారు.
వాణ్నీ దింపారు.
తల్లి భుజమ్మీంచి వెనక్కి తిరిగి అడిగాడు:
"మాస్టారండీ,
మళ్లీ వరదెప్పుడొస్తదండీ?"

ఆ రాత్రి అన్నం సయించలేదని రాస్తే బావుంటుంది.
తిన్నాను. పెరుగు కూడా వేసుకున్నాను.
మర్నాడు రేవులో పడవ కోసం నిలబడితే
తిరుమాని ధర్మారావు రెండు పలకలు వేసి
ఒడ్డు మీంచి పడవలోకి మోటారు సైకిలు ఎక్కిస్తున్నాడు.
రోజూ నేను దాటే పలకలే.
"ఇవి బడికి అరువిస్తావా?"
ఎందుకని అడగలేదు.
"చాలవండి. నిట్రంగా ఉంటది, జారిపోతాడు" అని
తాటిదూలాలు చీరించి తెచ్చాడు,
మెట్ల పక్కగా మలుపు తిప్పి పరిచాడు.
ఆటో మెకానిక్కు పాత బేరింగులతో బండి చేసిచ్చాడు.
మండలానికి నేను పెట్టిన అర్జీ
ఏ మెట్టు మీద కూచుందో ఇంకా తెలీదు.

ఇప్పుడు ఆ వాలు మీదే
వంటామె బియ్యం బస్తా లాక్కొస్తుంది.
మోకాళ్లరిగిన ముసలమ్మలు ఓటేయడానికి ఎక్కారు మొన్న.
రొయ్యల చెరువు మీద మేత చల్లే అన్నదమ్ములిద్దరు
జారుడాటకని వచ్చి
మెల్లగా లోపలికి జారారు.

సువర్ణరాజుది రెండో వరస.
కూడికలు నిజంగానే నోటితో చేస్తాడు,
రాయమంటే మాత్రం బద్ధకం.
నిన్న పక్కవాడి జేబులో పీతపిల్లని వేశాడు,
తరగతంతా గోల.
నాకు కోపమొచ్చింది, మామూలుగా అందరి మీదా వచ్చేదే.
"ఒరేయ్, బయటికి..." అని
ఆ మాట దగ్గర
ఆగిపోయాను.