డోర్ నంబరు

కేజీహెచ్ ఓపీ చీటీలో
అడ్రసు అన్నచోట
పదకొండేళ్లు ఒకటే రాయించాను:
కాంప్లెక్సు దగ్గర.
ఫ్లైఓవర్ కింద ఎన్నో స్తంభమో చెప్పబోతే
అక్కర్లేదనేది రాసే అమ్మాయి, తలెత్తకుండా.

ఈ మంగళవారం చెప్పాను.
యాభైమూడు డ్యాష్ పధ్నాలుగు డ్యాష్ ఇరవైతొమ్మిది బై రెండు.
కంచరపాలెం, కొండవాలు, నీళ్ల ట్యాంకు మీది మెట్లు.
ముళ్ల చేప తింటున్నట్టు
ఒక్కో అంకె నాలుకతో తడుముకుంటూ.
బై రెండు దగ్గర గొంతు ఆగింది.
తలెత్తింది. మళ్లీ చెప్పమంది.
చెప్పాను.
అడక్కపోయినా మూడోసారి కూడా చెప్పాను.

హార్బర్లో ఐసు కొట్టేవాణ్ని నేను.
తెల్లారగట్ల మూడింటికి చేతులు మొద్దుబారితే
మొదటి గుక్క అందుకు.
తరవాతి గుక్కలు ఎందుకో
ఏ గుక్కా నాకు చెప్పలేదు.
రాజులమ్మ ఎండుచేపల బుట్ట నెత్తినెట్టుకుని
పూడిమడక బస్సెక్కిన రోజు
నేను ఏ కొట్టు ముందు పడి ఉన్నానో
ఇప్పటికీ ఎవర్నీ అడగలేదు.

హుద్‌హుద్ రాత్రి
ఊరి రేకులన్నీ పేకముక్కల్లా లేచిపోతుంటే
మా వంతెన కదల్లేదు.
"ఒరే, ఈ రేతిరికి ఇశాపట్నంలో పక్కా ఇల్లు మనదేరా"
అని నవ్వాడు తవుడు, ఉన్న నాలుగు పళ్లతో.
ఆ నవ్వుకీ ఒక క్వార్టర్ తెరిచాం.

జ్ఞానాపురంలో ఫ్లోరా సిస్టరు చెయ్యి పట్టుకుంటే
గోడ మీది చీమలు పోవడానికి
పంతొమ్మిది రోజులు పట్టింది.
అక్కడ చీమల్లేవని ఆవిడ ఒక్కసారీ అనలేదు.
"ఇవాళ ఎన్ని?" అనేది.

తరవాత నైట్ షెల్టర్, ఏడు నెలలు.
తరవాత టిఫిన్ సెంటర్లో పిండి రుబ్బే పని.
తరవాత పెంటమ్మగారి గది.
తాళంచెవి ఇస్తూ అంది:
"తాగొస్తే ఈ మెట్లెక్కకు బాబూ,
మా ఆయన వీటిమీంచే జారేడు."

మొదటి రాత్రి
లారీల మోత లేక నిద్ర రాలేదు.
లాఠీ తగలక తెల్లారినట్టు తెలీలేదు.
చెప్పులు ఎప్పట్లాగే తలకింద పెట్టుకున్నాను,
తలుపు మాత్రం వెయ్యలేదు.
మూడోవారం ఒక రాత్రి
గడియ పెట్టి, చెప్పులు గుమ్మం బయటే వదిలాను.
పొద్దున్న చూస్తే అక్కడే ఉన్నాయి.
పనికి ఆలస్యమవుతున్నా
వాటి పక్కన కాసేపు కూర్చున్నాను.

మెట్లు దిగాక సందు రెండుగా చీలుతుంది.
ఎడమకి కొట్టు. కుడికి రైల్వే గేటు.
గేటు చుట్టూ తిరిగితే
మూడువందల పన్నెండు అడుగులు ఎక్కువ.
రోజూ లెక్కపెడతాను.
లెక్క తప్పిన రోజు
మళ్లీ గుమ్మం దగ్గర్నుంచి మొదలెడతాను.

నిన్న తవుడు వచ్చాడు.
"కాళ్లు మురికిరా" అని లోపలికి రాలేదు.
గ్లాసుడు నీళ్లు తాగి, గదిలోకి తొంగి చూసి
"ఏటిరా, గోడలు మీదకి రావా?" అన్నాడు.
వస్తాయి అన్నాను.
తెల్లారేసరికి వాటి చోటికి అవి పోతాయి అన్నాను.

చదవడం రాదు వాడికి.
అయినా అరచెయ్యి చాపి
నా డోర్ నంబరు రాయించుకున్నాడు.
బై రెండు చిటికెనవేలి మీదకి పాకింది.
పిడికిలి మూసుకుని దిగిపోయాడు.
సందు చివర
గేటువైపో, కొట్టువైపో,
ఎటు తిరిగాడో
మా ఇంటి దగ్గర్నుంచి కనపడదు.