పంటి బిగువు

మూడో అంతస్తులో సైకాలజిస్టు,
రెండో అంతస్తులో పళ్ళ డాక్టరు.
అబద్ధానికి ఇంత అనువైన మేడ
పోజ్నాన్ ఊరంతా గాలించినా ఇంకోటి దొరకదు.

బుధవారం బుధవారం
ఆరో నంబరు ట్రామును డిపోలో అప్పగించి
యూనిఫాం మీద గళ్ళ కోటు తొడుక్కుని వెళ్తాను.
లవంగనూనె వాసన వచ్చేదాకా
చెప్పులు టకటకలాడిస్తూ ఎక్కుతాను.
ఆ పైన పద్దెనిమిది మెట్లు
మునివేళ్ళ మీద.

పన్ను నొప్పి అన్నాను అమ్మతో.
నలభై మూడేళ్ళ కూతురి దవడకి అరచెయ్యి ఆనించి చూసింది.
ఆ రోజు నుంచీ నాకన్నీ మెత్తనివే:
చిదిమిన బంగాళదుంప, వడకట్టిన బీట్‌రూట్ చారు,
పాలల్లో నానబెట్టిన రొట్టె.
పళ్ళన్నీ భేషుగ్గా ఉన్న నేను
ముసలిదానిలా చప్పరిస్తుంటే
"ఆ డాక్టరు పనిమంతుడేనా?" అంటుంది.
మనిషే అమ్మా, మగవాడు కాదు
అనబోయి చెంచా కొరుక్కుంటాను.

హాల్ష్కా గారి గదిలో
ఒక ముక్కాలి పీట, రెండు కుర్చీలు,
ఉండుండి టక్కుమనే రేడియేటరు.
మొదటి వారం బ్రేకుల గురించి మాట్లాడాను.
రెండో వారం మంచుకి జారే పట్టాల గురించి.
ఆవిడ అన్నీ రాసుకుంది, పరీక్ష ఉన్నట్టు.
మూడో వారం అడిగింది:
"రాత్రిళ్ళు ఎన్నింటికి మెలకువ వస్తుంది?"
ఆ ప్రశ్న ఎవరో నా మంచం పక్కన కూర్చుని అడిగినట్టుంది.
మూడుంబావుకి, అన్నాను.
మూడుంబావుకి ఏం ఆలోచిస్తారు?

నేను ఆడవాళ్ళనే ప్రేమిస్తాను. ఎప్పుడూ అంతే.

చెప్పాక
రేడియేటరు ఇంకోసారి టక్కుమంది.
కింద ఎవరి పన్నో తొలుస్తున్న చప్పుడు.
ఇరవై ఏడేళ్ళు దాచిన మాటకి
ఆకాశం పోనీ, కిటికీ అద్దమైనా అదరలేదు.
నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది.
ఏది ముందొచ్చిందో ఆవిడ రాసుకునే ఉంటుంది.

టైంటేబుల్ ఇవ్వండి అన్నాను,
ఏ స్టాపులో ఎవరికి చెప్పాలో.
"అది నా దగ్గర లేదు" అంది హాల్ష్కా గారు,
"ఎవరికీ చెప్పకుండా డిపోకి తిరిగెళ్ళే రోజులూ ఉంటాయి.
ఆ బుధవారాలు కూడా రండి."

ఒకసారి ఖాళీ కుర్చీ చూపించి
అమ్మ అనుకోమంది.
కుర్చీకైనా చెప్పలేకపోయాను.
దాని చేతికి ఎవరో మర్చిపోయిన గొడుగు వేలాడుతోంది.
గొడుగుకి చెప్పాను.

ఆ తర్వాత డిపోలో దోబ్రవాకి,
టీ కప్పుల మధ్య, అటు తిరిగి.
సరేలే, అంది,
శనివారం షిఫ్టు మార్చుకుంటావా మరి?
ఆ శనివారం పదహారు గంటలు నడిపినా
నాకు అలుపు రాలేదు.

అలాగని నిద్రపట్టేసిందనుకోకండి.
మూడుంబావు కాస్తా నాలుగూ పది అయింది, అంతే.
కిందటి ఆదివారం గుడి మెట్ల మీద
పక్కింటావిడ ఎవరి కొడుకు గురించో గుసగుసలాడితే
అమ్మ మౌనంగా చేతితొడుగులు వేసుకుంది.
ఆ మౌనం ఎటువైపుదో
ఇంటిదాకా లెక్కకట్టాను, తేలలేదు.

పదకొండో బుధవారం.
కోటు విప్పకుండానే బల్ల ముందు కూర్చున్నాను.
చిదిమిన దుంప పక్కకి జరిపి
అమ్మ వాటా రై రొట్టె అందుకుని
దాని నల్లటి అంచు కొరికాను.
ఫెళ్ళుమంది.

అమ్మ చెయ్యి గాల్లో ఆగింది.
"నయమైందా?"

పన్ను బాగానే ఉందమ్మా,
మొదట్నుంచీ.

లేచి వెళ్ళి స్టవ్ కట్టేసింది.
తడి చేతులు తుడుచుకుంది, పొడిగా ఉన్న చేతులు కూడా తుడుచుకుంది.
వచ్చి ఎదురుగా కూర్చుని
మిగిలిన రొట్టె నా వైపు తోసింది.

"నమిలి చెప్పు" అంది,
"తొందరేం లేదు."